కాన్పూరు తుక్కులోంచి లేచిన లిబరేటర్లు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాన్పూరు శివారులోని చకేరీ ఎయిర్‌ఫీల్డులో పదులకొద్దీ బాంబర్లు పనిలేక నిలిచిపోయాయి. ఒక్కోదానికి నాలుగు ఇంజన్లు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 110 అడుగులు. పేరు బి-24 లిబరేటర్. అమెరికా తయారుచేసి, లెండ్-లీజ్ ఒప్పందం కింద బ్రిటన్‌కు ఇచ్చిన విమానాలు అవి. యుద్ధం అయిపోయాక వాటిని తిరిగి అప్పగించాలి, లేదంటే డబ్బు కట్టి ఉంచుకోవాలి, అదీ కాకపోతే మరెవరూ వాడుకోకుండా పాడుచేయాలి. వేల విమానాలు మిగిలిపోయిన అమెరికాకు ఇవి వెనక్కి అక్కర్లేదు. కొనే స్తోమత బ్రిటన్‌కు లేదు. కాబట్టి మూడో దారే పట్టారు.

పాడుచేసినవాళ్లు విమానం సంగతి బాగా తెలిసినవాళ్లే. ఎక్కడ కొడితే లేవదో వాళ్లకు తెలుసు. ఇంజన్లలో ఇసుక పోశారనీ, బరువైన బండ్లతో గుద్దించారనీ, ఒంటి రేకుకు చిల్లులు పొడిచారనీ, కాక్‌పిట్‌లో మీటర్లు పగలగొట్టారనీ ఆనాటి కథనాలు చెబుతాయి. ఆ తర్వాత వాటిని కాన్పూరు ఎండకూ వానకూ వదిలేసి రాయల్ ఎయిర్ ఫోర్స్ వెళ్లిపోయింది. లెక్కల పుస్తకంలో అవి ఇక విమానాలు కావు.

1948లో బెంగుళూరు నుంచి హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ మనుషులు వచ్చి వాటిని చూశారు. అదే ఏడాది నవంబరు 2న భారత వైమానిక దళం 5వ స్క్వాడ్రన్ ఆ లిబరేటర్లతోనే కాన్పూరులో మొదలైంది. స్వతంత్ర భారతానికి తొలి భారీ బాంబర్లు దొరికినది ఈ తుక్కు వరసల్లోనే. మొత్తం మీద దాదాపు నలభై విమానాలను బెంగుళూరు తిరిగి నిలబెట్టింది. 1968 డిసెంబరు 31 దాకా అవి కొలువులో ఉన్నాయి. ప్రపంచంలో మరే సైన్యమూ లిబరేటర్లను అంతకాలం నడపలేదు.

అమెరికా ఫ్యాక్టరీ గంటకొకటి చొప్పున లిబరేటర్లను పుట్టించిన కథ అందరికీ తెలుసు. దాన్ని ఆధునిక పరిశ్రమ విజయంగా పుస్తకాలన్నీ పొగుడుతాయి. పొగడవలసిందే. కానీ లిబరేటర్ మీద మనిషి చూపిన పనితనంలో మేటిది ఏదని నన్నడిగితే బెంగుళూరు హ్యాంగర్లవైపే వేలు చూపిస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ యంత్రం లోపలికి వెళ్లాలి.

1939 ఆరంభంలో అమెరికా సైన్యం శాన్‌డియాగోలోని కన్సాలిడేటెడ్ కంపెనీని కదిపింది. అప్పటికే ఎగురుతున్న బోయింగ్ బి-17 బాంబర్‌ను మీరూ తయారుచేసి ఇవ్వగలరా అని అడిగింది. కంపెనీ అధిపతి రూబెన్ ఫ్లీట్ మనుషులు బోయింగ్ ఫ్యాక్టరీ చూసి వచ్చి, ఇంకొకరి పాత నమూనా ఎందుకు, ఇంతకంటే మెరుగైనది మేమే గీస్తాం అన్నారు. డిజైన్ బాధ్యత ఐజాక్ లాడన్‌ది. మార్చిలో ఒప్పందం కుదిరింది. ఏడాది ముగిసేలోగా మొదటి విమానం ఎగరాలని షరతు. డిసెంబరు 29న ఎగిరింది. ఇంకో రెండు రోజులైతే గడువు దాటిపోయేది.

అంత తొందరలోనూ వాళ్లు ధైర్యంగా ఎంచుకున్నది రెక్క. డేవిడ్ డేవిస్ అనే స్వతంత్ర ఆవిష్కర్త గీసిన ఆకారం అది. ఫ్లీట్ దగ్గరకు అతను వచ్చినప్పుడు చేతిలో ఉన్నది ఒక గణిత సూత్రమూ, దాని మీద నమ్మకమూ. కాల్టెక్ విద్యాసంస్థలోని విండ్ టన్నెల్‌లో నమూనా పెట్టి చూస్తే ఫలితాలు నమ్మశక్యం కానంత బాగా వచ్చాయి. పరికరంలోనే తప్పుందేమోనని ఇంజనీర్లు మళ్లీ సరిచూసుకున్నారు. తప్పేమీ లేదు. గాలి రెక్కను అంటిపెట్టుకుని, సుడులు తిరగకుండా ఎక్కువ దూరం నున్నగా జారిపోయే ఆకారం డేవిస్‌కు పట్టుబడింది. అది ఎందుకు అలా పనిచేస్తుందో అతని సూత్రం సరిగ్గా వివరించలేకపోయింది. శాస్త్రం తర్వాత వచ్చి వివరించింది.

పొడుగ్గా, వెడల్పు తక్కువగా ఉండే ఆ రెక్కను విమానం నడుము పైభాగంలో అమర్చారు. దానివల్ల రెండు లాభాలు కలిగాయి. ఒకటి, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోవచ్చు. రెండోది, రెక్క దూలాలు పైనుంచి పోవడంతో కింద పొట్ట మొత్తం బాంబులకు ఖాళీగా మిగిలింది. ఆ పొట్ట తలుపులు నాకు చాలా ఇష్టమైన అమరిక. మిగతా బాంబర్ల తలుపులు కిందికి వేలాడుతూ తెరుచుకుని గాలిని అడ్డుకునేవి. లిబరేటర్ తలుపులు మన కిరాణా కొట్టు షట్టరు మాదిరి పక్కలకు చుట్టుకుంటూ పైకి జారిపోతాయి. బాంబులు వేసే వేళ కూడా వేగం అంతగా తగ్గదు. తలుపుల మధ్య, విమానం పొడవునా ఒక జానెడు వెడల్పు బాట ఉంటుంది. అది సిబ్బంది నడిచే దారీ, విమానం వెన్నెముకలో భాగమూ. ఆ తలుపులు పల్చటి రేకువి. మనిషి పొరపాటున కాలు జారి వాటి మీద పడితే అవి ఆపవు.

చక్రాల సంగతీ కొత్తదే. అప్పటి పెద్ద విమానాలు తోక నేల మీద ఆనించి కూర్చునేవి. లిబరేటర్‌కు ముక్కు కింద చక్రం పెట్టారు. అందువల్ల నేల మీద సమంగా నిలబడుతుంది. పైలట్‌కు రన్‌వే ఎదురుగా కనిపిస్తుంది. ప్రధాన చక్రాలు పక్కలకు లేచి రెక్కలోకి ముడుచుకుంటాయి. తోకకు రెండు కోడిగుడ్డు ఆకారపు నిలువు రెక్కలు. ఒక్కో ఇంజన్ 14 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్, 1,200 గుర్రపు శక్తి. దాని కింద, వేడి పొగతోనే తిరిగే టర్బో సూపర్‌ఛార్జర్. పల్చటి గాలిని కూరి ఇంజన్‌కు అందిస్తుంది కాబట్టి పాతిక వేల అడుగుల ఎత్తులోనూ దమ్ము తగ్గదు.

లోపాలూ ఉన్నాయి, దాచవలసిన పనిలేదు. బరువెక్కే కొద్దీ కంట్రోళ్లు మొండికేసేవి. పైలట్ల భుజాలు పడిపోయేవి. ఆ పొడుగాటి రెక్కకు గట్టి దెబ్బ తగిలితే బి-17 అంతగా ఓర్చుకోలేదు. రెక్కలోని ట్యాంకుల నుంచి పెట్రోలు వాసన లోపలికి వచ్చేది. ఆవిరి పోవడానికి బాంబు తలుపులు కొంచెం తెరిచి ఉంచి ఎగిరిన సిబ్బంది ఎందరో. అయినా దూరం ప్రయాణించడంలో దానికి సాటి వచ్చే బాంబరు చాలాకాలం లేదు. జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్ నడిమధ్యన, తీరం విమానాలు చేరలేని చోట ఓడలను ముంచుతుండేవి. 1943లో ఆ ఖాళీని పూడ్చినవి అదనపు ట్యాంకులు బిగించిన లిబరేటర్లే.

ఇప్పుడు ఫ్యాక్టరీ. 1941 జనవరిలో ఫోర్డ్ కంపెనీ ఉత్పత్తి అధికారి చార్లెస్ సోరెన్సెన్ శాన్‌డియాగో వెళ్లి చూస్తే, ఒక్కో విమానాన్నీ పనివాళ్లు విడివిడిగా, చేత్తో సరిచేసుకుంటూ బిగిస్తున్నారు. ఆరుబయట ఉక్కు చట్రాల మీద పని. ఎండకు చట్రం సాగితే కొలత మారుతుంది. అందుకే ఒక విమానం భాగం మరో విమానానికి అతికినట్టు కూర్చునేది కాదు. ఆ రాత్రే హోటల్ గదిలో కూర్చుని ఆయన కొత్త ఫ్యాక్టరీ పథకం గీశారు. మిషిగన్‌లో విల్లో రన్ అనే చోట అది లేచింది. కట్టడానికి నమూనా ఇచ్చినది ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ కాన్. 1944కల్లా గంటకొక లిబరేటర్ బయటికొచ్చింది. అక్కడ తయారైనవి 8,685. ఐదు ఫ్యాక్టరీల్లో కలిపి 18 వేలకు పైచిలుకు. భారీ బాంబర్లలో ఈ సంఖ్యను ఇంకేదీ అందుకోలేదు.

ఒక్కో విమానంలో మూడు లక్షలకు పైగా రివెట్లు. రివెట్ కొట్టడం ఇద్దరి పని. బయట ఒకరు గన్ పట్టుకుంటారు. లోపల ఒకరు ఇనుప దిమ్మ ఆనించి ఎదురు నిలుస్తారు. దాన్ని బకింగ్ బార్ అంటారు. గన్ దెబ్బకు రివెట్ కొస దిమ్మ మీద నలిగి పువ్వులా విచ్చుకుంటుంది. దిమ్మ వంకరగా పడితే రివెట్ తల పక్కకు ఒరుగుతుంది. గట్టిగా కొడితే చుట్టూ రేకు సొట్టపోతుంది. మెల్లగా కొడితే వదులుగా ఉండి ఎగిరేటప్పుడు కదులుతుంది. పైగా బలమైన అల్యూమినియం మిశ్రమంతో చేసిన రివెట్లను వేడిచేసి నీళ్లలో ముంచితే కాసేపే మెత్తగా ఉంటాయి. బయట ఉంచితే గట్టిపడిపోతాయి. అందుకని వాటిని ఐసుపెట్టెలో పెట్టి, కావలసినన్నే తీసి, వెంటనే కొట్టాలి. ఆ రోజుల్లో ఈ పనిలో లక్షలాది మంది ఆడవాళ్లు చేరారు. రోజీ ద రివెటర్ అనే పేరు వాళ్లదే.

విల్లో రన్ గొప్పతనం పనిని చిన్నచిన్న ముక్కలుగా తుంచడంలో ఉంది. ఎన్నడూ విమానం ముఖం చూడని రైతుబిడ్డ కూడా వారం రోజుల్లో తన వంతు రంధ్రాలు తొలవడం నేర్చుకుంటాడు. జిగ్ అనే బిగింపు చట్రం అతని చేతిని తప్పుపోనివ్వదు. మొత్తం విమానం అతనికి తెలియనక్కర్లేదు. ఆ తెలివి జిగ్గుల్లోనూ డ్రాయింగుల్లోనూ ఉంది. కాన్పూరులో పరిస్థితి పూర్తిగా తలకిందులు. జిగ్గుల్లేవు, ఫ్యాక్టరీ లేదు, విడిభాగాలు పంపే దేశం లేదు. ఎదురుగా ఉన్నది కావాలని విరగ్గొట్టిన యంత్రం. దాన్ని నిలబెట్టాలంటే మొత్తం విమానం మనిషి బుర్రలో ఉండాలి.

ఆ విమానాలు మన ఆకాశానికి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. తెలుగువాళ్లకు బాంబర్ అంటే పుస్తకంలో మాట కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. తీరం ఊళ్ల నుంచి జనం మూటలు కట్టుకుని లోపలి పల్లెలకు పరుగెత్తారు. ఆ తర్వాత రెండేళ్లకు బంగాళాఖాతం మీద వాటం మారింది. బెంగాల్ ఎయిర్‌ఫీల్డుల నుంచీ, సింహళం నుంచీ బ్రిటిష్ లిబరేటర్లు బర్మా రైలు వంతెనల మీదికీ, మలయా రేవుల మీదికీ వెళ్లేవి. 1944 అక్టోబరులో 159వ స్క్వాడ్రన్ లిబరేటర్లు బెంగాల్ నుంచి పినాంగ్ రేవు దాకా వెళ్లి సముద్రంలో మైన్లు జారవిడిచి వచ్చాయి. రానూపోనూ మూడు వేల మైళ్లకు పైన. వింగ్ కమాండర్ జేమ్స్ బ్లాక్‌బర్న్ అంతకుముందే ఇంజన్ వేగం, ఇంధనం పాళ్లు ఒక్కో పిసరు సవరిస్తూ, తన పైలట్లకు పెట్రోలు పొదుపు నేర్పించి ఆ దూరాన్ని సాధ్యం చేశారు. విశాఖ ప్రజలు పడిన భయమే ఆ రేవుల్లోని సామాన్యులూ పడ్డారు. ఈ యంత్రం పనితనాన్ని మెచ్చుకుంటూ అది చేసిన పనిని మరచిపోలేను.

నేనుంటున్న సౌదీ అరేబియాలోని జిజాన్‌కు దక్షిణంగానే ఆనాటి అమెరికా సరఫరా విమానాల దారి ఒకటి ఎర్రసముద్రం దాటేది. బ్రెజిల్ నుంచి అట్లాంటిక్ మీదుగా ఆఫ్రికాకు, ఖార్టూమ్ నుంచి అస్మారా, ఏడెన్, సలాలా, మసీరా, చివరికి కరాచీ. లిబరేటర్ ఒడలితోనే చేసిన సరకు విమానాలు కూడా ఆ దారిన నడిచాయి. ఈ తీరంలో ఉన్నవాళ్లకు ఉప్పుగాలి అల్యూమినియాన్ని ఏం చేస్తుందో విడమరచి చెప్పనక్కర్లేదు. ఇనుము తుప్పు ఎర్రగా కనిపించి ముందే హెచ్చరిస్తుంది. అల్యూమినియం అలా కాదు. పైన తెల్లటి పొడి, కింద గుంట. ఒక్కోసారి రేకు అంచు పొరలుపొరలుగా ఉబ్బేదాకా తెలియదు. జిజాన్ ప్రాంతంలోనే బేష్ దగ్గర రోజుకు 4 లక్షల బారెళ్ల చమురు రిఫైనరీ ఉంది. ఇలాంటి చోట్ల షట్‌డౌన్ పనులకు వచ్చే మన శ్రీకాకుళం ఫిట్టర్లను చూస్తుంటాను. పాత పైపు మీద గోటితో తట్టి, రెంచి తిరిగే బిగువును బట్టి, లోపల ఏం జరిగిందో చెప్పగలరు. కొత్తది బిగించేవాడికి డ్రాయింగ్ చాలు. పాడైనది విప్పేవాడికి అనుమానించడం రావాలి. కాన్పూరు పనిని నేను అర్థం చేసుకున్నది ఈ చూపుతోనే.

హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌కు ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చింది? 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం అండతో బెంగుళూరులో ఆ కంపెనీని స్థాపించారు. మరుసటి ఏడాదే హార్లో శిక్షణ విమానాన్ని బిగించి ఎగరేశారు. 1943లో ఆ ఫ్యాక్టరీ అమెరికా వైమానిక దళం చేతికి వెళ్లి, తూర్పు యుద్ధరంగానికి పెద్ద మరమ్మతు కేంద్రంగా మారింది. డకోటాలు, కాటలీనా సముద్ర విమానాలు, మిచెల్ బాంబర్లు, లిబరేటర్లు అన్నీ అక్కడికి వచ్చాయి. గాయపడ్డ విమానాలను విప్పి, కడిగి, కొలిచి, మార్చి, మళ్లీ బిగించే పనిని వేలమంది దక్షిణాది కార్మికులు రాత్రింబవళ్లు చేశారు. యుద్ధమంతా సాగిన ఆ చదువుకు పట్టా ఎవరూ ఇవ్వలేదు, కానీ 1948లో పరీక్ష మాత్రం వచ్చింది.

ఇంజన్ విషయంలో అదృష్టమూ తోడైంది. లిబరేటర్‌లోని ట్విన్ వాస్ప్ కుటుంబం ఇంజనే డకోటాలోనూ, కాటలీనాలోనూ ఉంది. డకోటా అప్పటికి మన వైమానిక దళానికీ, పౌర విమాన కంపెనీలకూ రోజువారీ బండి. కాబట్టి ఆ ఇంజన్ సిలిండర్లు, పిస్టన్లు, బేరింగులు బెంగుళూరు చేతులకు కొత్త కావు. ఇసుక పోసిన ఇంజన్‌ను తిప్పి చూద్దామనుకుంటే అక్కడితో అది ఆఖరు. ఇసుక ఆయిల్‌తో కలిసి దారులన్నింటా తిరుగుతుంది. పూర్తిగా విప్పి, ఆయిల్ గొట్టాలు, కూలర్లు, పంపులు ఒక్కోటీ కడిగి, గీతలు పడ్డ బేరింగులు తీసేసి పేర్చుకుంటూ రావాలి. ఒక్క కూలర్‌లో ఒక్క చిటికెడు మిగిలినా ఆకాశంలో బయటపడుతుంది.

ఒంటి రేకు చిల్లులు చూడటానికి భయంకరంగా ఉంటాయి గాని, ఫిట్టర్‌కు అవి చిన్న బాధలు. గాయం అంచులు నున్నగా కోసి, పగులు పాకకుండా మూలలు గుండ్రం చేసి, లోపల పట్టీ వేసి, పైన రేకు అతికి రివెట్లు కొడితే సరి. ఎవరైనా ముందు చూసేది రెక్క దూలం వంకర పోయిందా అని. దూలం సూటిగా ఉంటే విమానానికి ఆశ ఉంది. వంగితే అది ఇక తోటి విమానాలకు భాగాలిచ్చే నిధి. పగిలిన మీటర్లు, తెగిన తీగలు, పోయిన చక్రాల పంపులు అలా ఒకదాన్నుంచి ఒకదానికి చేరాలి. సోరెన్సెన్ పట్టుబట్టి సాధించిన కొలతల ఏకరూపత ఇక్కడ అక్కరకొచ్చింది. అయితే పూర్తిగా కాదు. ఐదు ఫ్యాక్టరీల లిబరేటర్ల మధ్య తేడాలుండేవి. ఒకచోట పుట్టిన ముక్కు మరోచోట పుట్టిన నడుముకు రంధ్రం రంధ్రానికి కూర్చునేది కాదు. ఆ ఎడం పూరించేది మళ్లీ ఆకురాయి పట్టిన చెయ్యే.

ఇంకో రెండు సంగతులు చెబితే గాని పని లోతు తెలియదు. లిబరేటర్ తోకలోని కదిలే పలకలకు పైకప్పు రేకు కాదు, బిగించి మందు పూసిన గుడ్డ. ఎండావానల్లో ఏళ్లు నిలిస్తే అది చీకిపోతుంది. కొత్త గుడ్డ తొడిగి, కుట్టి, మందు పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూయాలి. బిగువు ఎక్కువైతే చట్రం వంగుతుంది, తక్కువైతే గాలికి కొట్టుకుంటుంది. ఇక రెక్కలోని పెట్రోలు సంచులు. మొత్తం 18 గదులు. తూటా దూరితే దానంతటదే మూసుకుపోయేలా రబ్బరు పొరలతో చేసినవి. ఎండకు రబ్బరు బీటలువారితే సంచి మొత్తాన్ని చిన్న కంతలోంచి మడిచి బయటికి లాగి, కొత్తది లోపలికి పంపి, లోపల విప్పదీయాలి. చేతులు ముంజేతి దాకా గీరుకుపోతాయి. పెట్రోలు వాసనతో అపకీర్తి మూటగట్టుకున్న విమానంలో ఈ పని నిర్లక్ష్యంగా చేస్తే ఏమవుతుందో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు.

ఇంత పని కాన్పూరు మైదానంలో ఆరుబయట జరిగేది కాదు. కాబట్టి అక్కడ ఎగరడానికి సరిపోయినంత బాగుచేసి, బెంగుళూరు చేర్చి, హ్యాంగర్లలో పూర్తి ఓవర్‌హాల్ చేయాలని నిర్ణయించారు. ఈ ఎగరడానికి సరిపోయినంత అనే మాటకు ప్రాణం పెట్టినవారు కంపెనీ టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ. సగం మీటర్లు పనిచేయని, తుక్కులోంచి అప్పుడే లేచిన నాలుగింజన్ల బాంబర్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా ఆయన కాన్పూరు నుంచి బెంగుళూరుకు నడిపారు. దాదాపు 1,500 కిలోమీటర్లు. పటం మీద ఆ రెండు ఊళ్లను గీతతో కలిపితే అది వింధ్య దాటి, గోదావరి దాటి, సూటిగా హైదరాబాదు నెత్తిమీదుగా పోతుంది. 1948 సెప్టెంబరులోనే పోలీసు చర్య జరిగి హైదరాబాదు సంస్థానం భారత్‌లో కలిసింది. దేశం తన సరిహద్దుల్నే ఇంకా సర్దుకుంటున్న నెలలవి. అలాంటప్పుడు ఇతరులు పారేసినదాన్ని ఏరుకుని, సొంత చేతులతో బాగుచేసుకుని వైమానిక దళం కట్టుకోవడం ఆ తరానికి నామోషీ అనిపించలేదు.

టెస్ట్ పైలట్ పేరు చరిత్రలో నిలిచింది. మున్షీయే 1951లో భారతదేశంలో డిజైన్ చేసిన తొలి శక్తిచాలిత శిక్షణ విమానం హెచ్‌టి-2ను మొదటిసారి ఎగరేశారు. దాని రూపకర్త డాక్టర్ వి.ఎం.ఘాటగే. కానీ కాన్పూరు వరసల మధ్య పాకుతూ దూలాలు తడిమిన ఫిట్టర్ల పేర్లు, రబ్బరు సంచులు మడిచినవాళ్ల పేర్లు, రివెట్ దిమ్మ పట్టినవాళ్ల పేర్లు పుస్తకాల్లోకి రాలేదు. బెంగుళూరు వీధుల్లో కన్నడంతో పాటు తెలుగూ తమిళమూ ఎప్పుడూ వినిపించేవే. ఆ ఫ్యాక్టరీ గేటు దాటిన వందల కుటుంబాల్లో తాతల కథలుగా ఆ పని ఎక్కడో మిగిలే ఉంటుంది. ఎవరైనా కూర్చుని రాసుకుంటే మన సాంకేతిక చరిత్రకు అంతకన్నా విలువైన అధ్యాయం ఉండదు. ఇంజనీరింగ్ కాలేజీలు ఊరికొకటి ఉన్న తెలుగునాట ఈ కథ పాఠం కాకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

5వ స్క్వాడ్రన్ లిబరేటర్లను 1957 దాకా నడిపింది. తర్వాత జెట్ బాంబర్లు కాన్‌బెర్రాలు వచ్చాయి. 1951లో పుణెలో తిరిగి ఏర్పడిన 6వ స్క్వాడ్రన్ చేతిలో లిబరేటర్‌కు తన స్వభావానికి తగిన కొలువు దొరికింది, సముద్రం మీద గస్తీ. డేవిస్ రెక్క గంటల తరబడి తక్కువ ఇంధనంతో తేలుతూ పోవడానికే పుట్టింది. ఎయిర్ ఇండియా నుంచి తీసుకున్న సూపర్ కాన్‌స్టెలేషన్లు తోడొచ్చాక కూడా లిబరేటర్లు కొనసాగాయి. రెండు వానకాలాలు కూడా బతకవనుకుని వదిలేసిన విమానాలు ఇరవై ఏళ్లు పనిచేశాయి.

ఆ తర్వాత జరిగింది మరీ విశేషం. పద్దెనిమిది వేలు తయారుచేసిన అమెరికా యుద్ధం కాగానే వాటిని కరిగించి అల్యూమినియం దిమ్మలు చేసుకుంది. పాతికేళ్లకు మ్యూజియంలో పెట్టుకుందామంటే విమానం దొరకడమే అరుదైంది. బ్రిటన్‌కూ లేదు, కెనడాకూ లేదు. ఉన్నవి ఎక్కువగా భారతదేశంలోనే. 1968లో కెనడా ఒకటి తీసుకుంది. బదులుగా లైసాండర్ అనే అరుదైన విమానాన్ని ఇచ్చింది. అది ఇప్పుడు ఢిల్లీ పాలం మ్యూజియంలో ఉంది. 1969లో ఒకటి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసాన్‌కు వెళ్లింది. 1974లో మరొకటి బ్రిటన్‌కు వెళ్లింది. ఈ మూడూ ఓడల్లో ముక్కలుగా పోలేదు, సొంత ఇంజన్లతో ఎగురుకుంటూ వెళ్లాయి. ఒకనాడు రాయల్ ఎయిర్ ఫోర్స్ కాన్పూరులో వదిలేసిన లిబరేటరే లైనమ్ ఎయిర్‌ఫీల్డులో దిగి, ఇప్పుడు ఆ దళం సొంత మ్యూజియంలో నిలబడి ఉంది.

మరొకదాన్ని ఇంగ్లండుకు చెందిన డగ్ ఆర్నాల్డ్ 1981లో కొన్నారు. తర్వాత అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్ తీసుకుని, తొంభై వేల గంటలకు పైగా పనిచేయించి 1989లో మళ్లీ ఎగరేసింది. బి-24జె నమూనాలో ఎగరగలిగినది ప్రపంచం మొత్తం మీద అదొక్కటే అయింది. అమెరికా ఊరూరా తిరిగి, ముసలి సైనికులను వాళ్ల మనవలతో సహా ఎక్కించుకుంది. ఇవి కాక భారత్‌లో కొలువు చేసినవే ఫ్లోరిడాలో ఒకటి, పాలంలో ఒకటి ఉన్నాయి. అంటే ఇవాళ లోకంలో మిగిలిన ఇరవైలోపు లిబరేటర్లలో అరడజను బెంగుళూరు హ్యాంగర్ గుండా వెళ్లినవే.

లండన్‌లో ఉండే తెలుగువాళ్లు హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి వెళ్లి చూడవచ్చు. టూసాన్‌లో పీమా మ్యూజియం ఉంది, ఒటావాలో కెనడా విమాన మ్యూజియం ఉంది. ఢిల్లీ వెళ్లేవాళ్లు పాలం దారి పట్టవచ్చు. వెళితే తుపాకుల గూళ్ల దగ్గర ఫొటోలు అయ్యాక రెక్క కిందికి నడవండి. బాంబు తలుపు పలకలు ఎటు జారతాయో, ముక్కు చక్రం ఎలా ముడుచుకుంటుందో చూడండి. తర్వాత ఒంటి రేకుకు ముఖం దగ్గరగా పెట్టి, ఏటవాలు వెలుతురులో రివెట్ల వరస మీదుగా చూపు సాగనివ్వండి. అతుకు వేసిన చోట వరసల ఎడం మారుతుంది. అక్కడ రివెట్ల తలలు చుట్టుపక్కల వాటితో సమంగా ఉన్నాయా, రేకు ఎక్కడైనా సొట్టపోయిందా అని చూడండి. వెంట పిల్లలుంటే దిమ్మ పట్టినవాళ్ల గురించి కూడా చెప్పండి.